గడప దాటనివ్వని రెక్కల పురుగు



ఈ రోజు నేను మీతో ముచ్చటించబోయేది ఒక చిన్న రెక్కల పురుగును గురించి. దీన్ని మీలో ఎవరూ చూసి ఉండరు. నేనూ బొమ్మల్లో తప్ప చూడలేదు. ఇది ఉత్తర అమెరికా పురుగు. అక్కడ కూడా దీన్ని చూసి ఫలానా అని గుర్తుపట్టే వాళ్ళు తక్కువే. అయినా ఒకసారి ఇది మన బెంగళూరు దాకా వచ్చింది. వచ్చి, తాళం వేసిన ఒక గదిలో కొన్నాళ్ళుండి, అక్కడే అంతమైపోయింది. ఆ గది తలుపు తెరిచి దాన్ని బయటకు వదిలి ఉంటే, కర్ణాటకలోనూ మహారాష్ట్రలోనూ ఒడిశాలోనూ మన వాళ్ళు చేసుకునే పొలాలకు కొంత మేలు జరిగి ఉండేది. కొంత కీడూ జరిగి ఉండవచ్చు. ఎందుకు వదలలేదు అన్నదే ఈనాటి ముచ్చట.

ముందు పురుగు సంగతి. శాస్త్రవేత్తలు దీనికి పెట్టిన పేరు ఎపిబ్లెమా స్ట్రెనువానా. నోరు తిరగకపోతే బాధపడకండి, అమెరికా రైతుకూ తిరగదు. అక్కడ వాడుకలో దీన్ని రాగ్‌వీడ్ బోరర్ అంటారు. రాగ్‌వీడ్ అనేది ఆ దేశంలో ఒక కలుపు మొక్క. దాని పుప్పొడి గాలిలో తేలి వచ్చి ముక్కుల్లో పడి, జనాన్ని తుమ్ములతో, కళ్ళ దురదలతో వేధిస్తుంది. ఆ మొక్క కాండాన్ని తొలిచే పురుగు కాబట్టి ఆ పేరు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం సేకరణలకు జాబితాలు తయారుచేసిన ఫ్రాన్సిస్ వాకర్ 1863లో దీన్ని మొదటిసారిగా వర్ణించి అచ్చువేశాడు. ఆ తరువాత చాలాకాలం ఎవరికీ దీనితో పని పడలేదు.

చూడడానికి ఇది ఏమంత సొగసైనది కాదు. పొడవు ఒక సెంటీమీటరు లోపే. బూడిద, గోధుమ రంగులు కలిసిన రెక్కలు. గోడ మీద వాలితే మరక అనుకుంటాం. పగలు ఆకుల చాటున దాక్కుని రాత్రిపూట తిరుగుతుంది. మనం లెక్కపెట్టవలసింది దీని రెక్కలను కాదు, పిల్లను.

తల్లి పురుగు ఆకుల మీద ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. గుడ్డు పగిలి బయటకు వచ్చిన చిన్న పురుగు కొద్దిసేపు ఆకును గోకి, తరువాత కొమ్మ చివరనో ఆకు మొదట్లోనో దారి చేసుకుని కాండంలోకి దూరుతుంది. అది లోపల తింటూ ఉంటే ఆ చోట కాండం ఉబ్బి, నడుమ లావుగా, రెండు చివరలా సన్నగా, కదురు మీద నూలు చుట్టినట్టు ఒక బొడిపె తయారవుతుంది. మొక్క తన పెరుగుదలకు పెట్టుకోవలసిన బలమంతా ఆ బొడిపెకు పోస్తుంది. అంటే పురుగుకు ఇల్లూ తిండీ రెండూ మొక్కే కట్టి పెడుతుందన్నమాట. లేతప్రాయంలో పురుగు పట్టిన మొక్క గిడసబారుతుంది, పూత తగ్గుతుంది. బాగా ముదిరిన తరువాత పడితే మాత్రం మొక్క పెద్దగా లెక్కచెయ్యదు.

ఇందులో ఒక ముచ్చటైన సంగతి ఉంది. రెక్కల పురుగుకు నోట్లో కొరికే దవడలు ఉండవు. మరి కాండం లోపల గూడు కట్టుకున్నది రెక్కలు వచ్చాక బయటకు ఎలా రావాలి? ఆ ఏర్పాటు పిల్లపురుగుగా ఉన్నప్పుడే జరిగిపోతుంది. దవడలున్న ఆ రోజుల్లోనే అది లోపలి నుంచి బయటి దాకా సొరంగం తొలిచి, చివర పైతోలును మాత్రం పలచని పొరగా వదిలిపెడుతుంది. కిటికీకి కాగితం అంటించినట్టు ఉంటుందది. ఆ తరువాతే నిద్రలోకి పోతుంది. రెక్కలు వచ్చినప్పుడు ఆ పొరను నెట్టుకుని బయటపడుతుంది. వేడి ప్రదేశాల్లో ఈ కథంతా నెలా నెలన్నరలో పూర్తవుతుంది. అందుకే ఏడాదిలో చాలా తరాలు పుడతాయి. చలిదేశంలో చివరి తరం పిల్లపురుగు బొడిపెలోనే ముడుచుకుని శీతాకాలం గడుపుతుంది.

మరి ఈ అమెరికా పురుగుతో మనకేమిటి సంబంధం? సంబంధం వయ్యారిభామ.

ఆ మొక్కను గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. పేరు వయ్యారమేగాని దాని పని అందుకు తగ్గట్టు లేదు. మా పావగడ వైపు తెలుగులో మాట్లాడినా కన్నడంలో మాట్లాడినా దీన్ని కాంగ్రెస్ గడ్డి అనో కాంగ్రెస్ గిడ అనో అంటారు. మహారాష్ట్రలో గాజర్ గవత్, అంటే ఆకు గాజరగడ్డ ఆకులా ఉంటుందని. పార్థీనియం అన్నది శాస్త్రీయ నామం. మన దేశంలో దీన్ని 1955లో పుణేలో గమనించారు. మరుసటి సంవత్సరం అది పత్రికకెక్కింది. ఆ రోజుల్లో అమెరికా నుంచి దిగుమతైన గోధుమలతో విత్తనాలు వచ్చాయనీ, అందుకే ఆనాటి పాలక పక్షం పేరు దీనికి తగిలిందనీ జనంలో ఉన్న మాట. తెల్ల టోపీల్లాంటి పూలున్నందుకే ఆ పేరు వచ్చిందని ఇంకొందరంటారు. ఏ కథ నిజమైనా, మొక్క మాత్రం నిలిచింది. ఒక్క మొక్క పది పదిహేను వేల గింజలు రాల్చగలదు.

చేత్తో పీకిన వాళ్ళకు చర్మం మీద దద్దుర్లు, దురద. కొందరికి ఉబ్బసం. పశువులు మామూలుగా దీన్ని ముట్టవు. గడ్డి దొరకక తింటే పాలు చేదెక్కుతాయి. మా బడి ఆవరణలో ఇది మోకాలెత్తు పెరిగినప్పుడు ఒక పిల్లవాడు నన్ను అడిగాడు: "సార్, మేక కూడా తినదే దీన్ని! ఇంక దీన్ని తినేది ఏదీ లేదా?" మంచి ప్రశ్న. ఉంది, కానీ అది ఇక్కడ లేదు అని చెప్పాను. ఈ మొక్క పుట్టినిల్లు మెక్సికో పరిసరాలు. అక్కడ దీన్ని తినే పురుగులు, పట్టే తెగుళ్ళు తరతరాలుగా ఉన్నాయి. మొక్క మన దేశానికి ఒంటరిగా వచ్చింది, శత్రువులను అక్కడే వదిలేసి. ఆ శత్రువులను కూడా వెతికి తెచ్చి దీని మీదికి వదలడమే జీవ నియంత్రణ అనే పద్ధతి.

దారి చూపింది ఆస్ట్రేలియా. వాళ్ళ క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి ఈ కలుపు రెండుసార్లు వచ్చింది. రెండోసారి, 1960లో, అమెరికాలోని టెక్సాస్ నుంచి తెచ్చిన పచ్చిక విత్తనాల్లో కలిసి వచ్చి, క్లెర్మాంట్ అనే ఊరి దగ్గర దిగింది. అక్కడి నుంచి లక్షల ఎకరాల పశువుల మేతభూమిని కమ్మేసింది. అప్పుడు వాళ్ళు మెక్సికోకు మనుషులను పంపి ఆ మొక్కను ఏయే పురుగులు తింటున్నాయో వెతికించారు. అలా దొరికిన వాటిలో మన కాండం తొలిచే పురుగు ఒకటి. 1982లో దాన్ని క్వీన్స్‌లాండ్‌లో వదిలారు. కొద్ది సంవత్సరాల్లోనే వయ్యారిభామ ఉన్న చోటల్లా అది కనిపించసాగింది. మొత్తం మీద ఆ దేశం 9 రకాల పురుగులను, 2 రకాల తుప్పు తెగుళ్ళను ఈ ఒక్క కలుపు మీదికి ప్రయోగించింది. వాటిలో బాగా పనిచేసిన వాటిలో ఇదొకటిగా పేరు తెచ్చుకుంది. అక్కడికి వలసవచ్చిన రాగ్‌వీడ్‌ను కూడా అణచింది. కలుపు మాయమైపోలేదు, ఆ మాటా చెప్పాలి. తగ్గింది, అంతే. తరువాత 1990ల మొదట్లో చైనావారు కూడా రాగ్‌వీడ్ కోసం ఈ పురుగును ఆస్ట్రేలియా నుంచి తెప్పించుకున్నారు.

సొంత ఊరిలో ఎవరికీ పట్టని పురుగు పరాయి దేశంలో ఇంత పని ఎలా చేసిందని మీకు సందేహం రావచ్చు. సొంత ఊరిలో దాని ఒంట్లో గుడ్లు పెట్టి చంపే చిన్న చిన్న కందిరీగ జాతులు ఉన్నాయి. పరాయి దేశానికి తెచ్చేటప్పుడు ఆ కందిరీగలు రాకుండా ఏరివేసి, శుభ్రమైన సంతానాన్ని మాత్రమే వదులుతారు.

ఇక మన దేశం సంగతి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో భారత ఉద్యాన పరిశోధనా సంస్థ ఉంది. అక్కడ కె.పి. జయంత్ అనే శాస్త్రవేత్త వయ్యారిభామ మీద పనిచేశారు. మెక్సికో నుంచి తెచ్చిన ఒక పెంకు పురుగును పరీక్షించి 1984లో బెంగళూరులో వదిలారు. అది ఇప్పుడు మీ ఊళ్ళో కూడా ఉండవచ్చు. దాని సంగతి చివర్లో చెబుతాను. ఆ తరువాత మన రెక్కల పురుగు వంతు వచ్చింది. దాన్ని తెప్పించి క్వారంటైన్ గదిలో పెంచారు. క్వారంటైన్ గది అంటే పురుగు బయటకు పోయే వీలులేకుండా తలుపు వెనుక తలుపు, సన్నని వల, ఇలాంటి కట్టుదిట్టాలున్న గది. అక్కడ ఈ పురుగుకు వయ్యారిభామ ఒక్కటే కాకుండా మన పంట మొక్కలు కూడా పెట్టి చూస్తారు. ముఖ్యంగా దాని చుట్టాలను. వయ్యారిభామది పొద్దుతిరుగుడు కుటుంబం. కుసుమ, చామంతి, బంతి అన్నీ ఆ కుటుంబంలోవే.

ఆ కుటుంబంలోనే ఇంకో పంట ఉంది. పరీక్షలో పట్టుబడింది అక్కడే. వెర్రి నువ్వులు.

ఈ పంట పేర్లు వింటే రెండు భాషలు నేర్పే నాలాంటి వాడికి సరదాగా ఉంటుంది. తెలుగులో వెర్రి నువ్వులు అంటాం. కన్నడంలో హుచ్చెళ్ళు. హుచ్చు అంటే వెర్రి, ఎళ్ళు అంటే నువ్వులు. రెండు భాషలూ ఆ గింజకు ఒకే వెర్రిని అంటగట్టాయి. తమిళంలో పేయ్ ఎళ్ళు అంటారు, అంటే దయ్యపు నువ్వులు. మరాఠీలో కారళె. విశాఖ మన్యంలో మాత్రం వలిసెలు అనే చక్కని పేరుంది. పెద్ద నువ్వుల పక్కన నిలబెట్టి దీన్ని అందరూ చిన్నచూపు చూశారని ఈ పేర్లే చెబుతున్నాయి.

చిన్నచూపు చూడవలసిన పంట కాదిది. కొరాపుట్ కొండవాలుల్లో, అరకు లోయలో వానాకాలం తరువాత పసుపుపచ్చగా పూసి కనిపించేది ఇదే. ఎరువు అడగదు, నీరు అడగదు. ఇంకేదీ పండని రాతినేలలో మూడు నెలల పైచిలుకు రోజుల్లో కోతకు వస్తుంది. పశువులు ముట్టవు కాబట్టి కంచె అక్కరలేదు. గింజలో 35 నుంచి 40 శాతం దాకా నూనె. తేనెటీగలు రాకపోతే గింజ కట్టదు, తేనెటీగలకు ఇదంటే ప్రాణం. కోలారు, తుమకూరు వైపు రాగిచేనులో అవర, జొన్న, ఆముదంతో పాటు అక్కడి సాలు అని విడిగా వేసే సాళ్ళలో ఇదీ ఒకటి. వెర్రి నువ్వులు వేయించి, ఎండుమిరపకాయలు, ఉప్పు, వెల్లుల్లి వేసి దంచిన పొడితో జొన్నరొట్టె తిన్నవాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు. ఇంకో విశేషం. మన దేశపు వెర్రి నువ్వులు అమెరికాకు ఎగుమతి అవుతాయి. తినడానికి కాదు, పెరట్లో పిట్టలకు వెయ్యడానికి. అక్కడ మొలకెత్తి కలుపు గింజలేవైనా వ్యాపిస్తాయేమోనన్న జాగ్రత్తతో ఆ ప్రభుత్వం వాటిని వేడిలో కాల్చి మరీ లోపలికి రానిస్తుంది. తమ గడప వాళ్ళు అలా కాచుకుంటారు.

మనవాళ్ళూ కాచుకున్నారు. హెసరఘట్ట గదిలో ఈ పురుగు వెర్రి నువ్వుల కాండంలోకి దూరింది. దూరి ఊరుకోలేదు, అందులోనే పెరిగి పెద్దదై రెక్కల పురుగుగా బయటకు వచ్చింది. అంటే ఈ పంట మీద అది బతకగలదు. జయంత్ ఈ పరీక్షల ఫలితాన్ని 1987లో ప్రచురించారు. గదిలో పెంచుతున్న పురుగులన్నిటినీ నాశనం చేసేశారు. అక్కడితో కథ ముగిసింది.

ఇది సరైన నిర్ణయమేనా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యడానికి లేదు.

ఒకవైపు లెక్క చూడండి. గదిలో ఇరుకున పెట్టిన పురుగు, బయట స్వేచ్ఛగా ఉంటే ముట్టని మొక్కను కూడా గతిలేక తినవచ్చు. కాబట్టి గదిలో తిన్నంత మాత్రాన పొలంలోనూ తింటుందని రాసివ్వలేం. మరోపక్క వయ్యారిభామ చేసే నష్టం ఊహ కాదు. 2000 సంవత్సరంలో అనంతపురం జిల్లాలో వేరుశనగకు కాండం కుళ్ళు వైరస్ తెగులు వచ్చింది. సుమారు రెండుంపావు లక్షల హెక్టార్లలో పంట దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా వేశారు. ఆ వైరస్ దాగి ఉండేది వయ్యారిభామలో. మొక్క పైకి ఆరోగ్యంగానే ఉంటుంది. దాని పుప్పొడి గాలికి లేచి వేరుశనగ ఆకు మీద పడుతుంది. తామర పురుగులు ఆ ఆకును గీకినప్పుడు వైరస్ లోపలికి పోతుంది. మా పావగడ చుట్టూ మూడువైపులా ఉన్నది అప్పటి ఆ జిల్లా నేలే. గట్టు మీద కలుపు పూత ఒక రైతును ఎలా ముంచుతుందో మాకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఆ పూతను తగ్గించగల పురుగును చేతిలోకి తెచ్చుకుని చంపేశాం అంటే ఎవరికైనా మనసు కలుక్కుమంటుంది.

రెండోవైపు చూడండి. మందు కొడితే, పనిచెయ్యకపోతే మరుసటి ఏడు మానెయ్యవచ్చు. పురుగును వదిలితే వెనక్కి పిలవలేం. బెంగళూరులో వదిలాం, అక్కడే ఉంటుందిలే అనుకోవడానికీ లేదు. 1984లో బెంగళూరులో వదిలిన పెంకు పురుగు తరువాతి పాతికేళ్ళలో నేపాల్‌లో, పాకిస్తాన్‌లో కనిపించింది. రాష్ట్రాల సరిహద్దు మనకే గాని పురుగుకు లేదు. హెసరఘట్టలో తలుపు తెరిస్తే కొరాపుట్ కొండమీది వలిసె చేనుకు ఎప్పటికో ఒకప్పటికి చేరి ఉండేది. ఆ చేను ఆసామికి మందు కొట్టే స్థోమత ఉండదు. కొట్టినా కాండం లోపలున్న పురుగుకు మందు తగలదు, పూత మీదున్న తేనెటీగలకు తగులుతుంది. ఆస్ట్రేలియాకు ఈ బెంగ లేదు. వాళ్ళకది చెప్పుకోదగ్గ పంట కాదు. ఒకే పురుగు వాళ్ళకు మిత్రుడు, మనకు అనుమానితుడు కావడానికి కారణం ఇదే.

పెంకు పురుగు విషయంలో జరిగిందీ గుర్తు చేసుకోవాలి. పరీక్షలన్నీ నెగ్గి బయటకు వచ్చిన ఆ పురుగే 1990ల మొదట్లో కర్ణాటకలో పొద్దుతిరుగుడు ఆకులు కొరుకుతూ కనిపించింది. పెద్ద గోల అయింది. విచారణ సంఘం కూడా వేశారు. చివరకు తేలిందేమంటే, పక్కనున్న వయ్యారిభామ పుప్పొడి పొద్దుతిరుగుడు ఆకుల మీద పడి, ఆ వాసనకు పురుగు మోసపోయి కొరికిందని. నెగ్గిన పురుగుతోనే ఇంత కంగారు పడ్డప్పుడు, పరీక్షలో తప్పిన పురుగును వదిలి ఉంటే రైతుకు ఏ ముఖం పెట్టుకుని జవాబు చెప్పేవారు?

అందుకే నా మట్టుకు నాకు ఆ తలుపు మూసి ఉంచడమే న్యాయంగా తోస్తుంది. వేరుశనగ రైతు గొంతు నలుగురికీ వినిపిస్తుంది. వలిసె రైతు గొంతు వినిపించదు. అతని తరఫున ఒక పరిశోధకుడు గదిలో కూర్చుని లెక్క చూడడం నాకు నచ్చింది. ఒక్క విషయం మాత్రం మనసును తొలుస్తూ ఉంది. 1980లలో మన దేశంలో ఈ పంట సుమారు 6 లక్షల హెక్టార్లలో ఉండేది. ఇప్పుడు అందులో మూడోవంతు కూడా లేదు. పురుగు రాలేదు, మనమే మానేశాం. మొక్కజొన్నకూ నీలగిరి తోటలకూ పొలాలిచ్చేశాం. కేంద్ర ప్రభుత్వం 2025-26కు దీనికి క్వింటాలుకు 9537 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. ధర బాగానే ఉంది. ఏ పంటను కాపాడడానికి ఒక ఆయుధాన్ని వదులుకున్నామో ఆ పంటే గట్టు మీది నుంచి పోతూ ఉంటే, ఆ లెక్క మళ్ళీ చూడమని రేపు ఎవరైనా అడగవచ్చు.

ఇక చెబుతానన్న పెంకు పురుగు సంగతి. తొలకరి వానలు పడి వయ్యారిభామ లేతగా ఉన్నప్పుడు ఆకుల మీద చూడండి. కందిగింజంత ఉంటుంది. మీగడ రంగు వీపు మీద ముదురు గోధుమరంగు నిలువుచారలు. లేత ఆకులూ మొగ్గలూ కొరికేసి ఉంటే అదే. దాని పిల్లలు పసుపురంగులో కొమ్మ చివరల్లో ఉంటాయి. వాటిని చూసి బెదిరి మందు కొట్టకండి. మీ ఊళ్ళో లేకపోతే, ఉన్న చోటి నుంచి కొన్ని వందలు ఒక చిల్లుల డబ్బాలో పట్టుకొచ్చి, కలుపు దట్టంగా ఉన్నచోట వదలండి. వానలు వెనుకపట్టాక అది మట్టిలోకి పోయి పడుకుంటుంది, మళ్ళీ వానలకే లేస్తుంది. ఆ మధ్యకాలంలో కాలువల పక్కన, పంపుసెట్ల దగ్గర మొలిచేదాన్ని మనమే పీకాలి. పూత రాకముందే పీకండి. చేతులకు తొడుగులు లేకపోతే ప్లాస్టిక్ సంచులైనా కట్టుకోండి. పిల్లల చేత మాత్రం పీకించకండి.